ప్రస్థానం మూటలో పాస్‌పోర్టులు

1983వ సంవత్సరం, ఎండాకాలం. అనంతపురంలో క్లాక్ టవర్‌కు నాలుగు అంగళ్ళ అవతల, ఒక ఫోటో స్టూడియో పైన మేడగదిలో నా ట్రావెల్ ఆఫీసు ఉండేది. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక ఇనుప బీరువా, గోడకు ప్రపంచ పటం. సరంజామా అంతే. ఫోను ఉండేది గాని, మద్రాసుకు ట్రంక్ కాల్ బుక్ చేసి, కింద హోటల్లో భోంచేసి, కిళ్ళీ కూడా వేసుకుని పైకొచ్చినా అది కలిసేది కాదు. అందుకని నా పనంతా టెలిగ్రాముల మీదే నడిచేది. మద్రాసులో ఒక పెద్ద ఏజెన్సీని నేను అడిగేవాణ్ణి, వాళ్ళు విమాన కంపెనీలను అడిగేవాళ్ళు, జవాబు అదే దారిన తిరిగి వచ్చేది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ గల్ఫ్‌కు పోయే మేస్త్రీలు, డ్రైవర్లు, హజ్‌కు పోయే పెద్దవాళ్ళు. కళ్యాణదుర్గం వైపు వాన పడక శనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది నా మెట్ల మీద జనం ఎక్కువగా ఉండేవాళ్ళు. అందరూ బతకడానికి పోయేవాళ్ళే. ఊరికే చూసి రావడానికి దేశాలు పోతామని ఎవరైనా అంటే, నాతో ఎగతాళి ఆడుతున్నారనుకునే రోజులవి.

రంగయ్య శెట్టి అడిగినప్పుడు కూడా అలాగే అనుకున్నాను. ఆయన ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి, అరవైకి దగ్గర పడిన మనిషి. భార్య కమలమ్మతో కలిసి మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని అన్నాడు.

“ఏమప్పా బాషా, కౌలాలంపూరు, సింగపూరు, బ్యాంకాకు, హాంకాంగు. నాలుగూ ఒకే తూరి చూసుకొని రావల్ల. అయితాదా?”

“ఏం పని మీద శెట్టన్నా?”

“పనేమీ లేదు. చూసేదానికే.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కమలమ్మ గోడకున్న పటం దగ్గరికి పోయి, మలేషియా ఎక్కడుందో వేలితో వెతుకుతూ, నా వైపు తిరక్కుండానే చెప్పింది.

“మా చీరలు పోయినాయప్పా ఆ ఊర్లకంతా. అంచులు గీసేదాన్ని నేను. నేను మాత్రం తిరుపతి దాటి పోలేదు. ఒక్కసారి చూడల్ల.”

తర్వాత తెలిసింది. పద్నాలుగో ఏట ఆ ఇంటికి కోడలుగా వచ్చిందట. ఇరవై మంది తినే ఇంట్లో పొయ్యి ముందు పని ముగించుకుని, మధ్యాహ్నం పూట గళ్ళ కాగితం మీద చీర అంచులు గీసేది. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె గీసిన హంసలు, మామిడిపిందెలు మగ్గాల మీదికి ఎక్కుతున్నాయి. ఇప్పుడు ఇద్దరు తోడికోడళ్ళు ఇరవై నాలుగు రోజులు వంట చూసుకుంటామని ఒప్పుకున్నారు. అలా ఒప్పుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. ఈ ఏడాది తప్పితే మళ్ళీ ఒప్పుకుంటారని ఆమెకు నమ్మకం లేదు.

నాలుగు ఊళ్ళ ప్రయాణమంటే నాలుగు టికెట్లు కొనడం కాదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే ఒక్కో తునకను మేము సెక్టారు అంటాం. ఆ రోజుల్లో టికెట్టు చిన్న చెక్కుబుక్కులా ఉండేది. సెక్టారుకొక కూపన్, కార్బన్ పెట్టి చేత్తో రాయడమే. సీటు ఖాయమైతే కూపన్ మీద ఓకే అని, ఇంకా అడుగుతూ ఉంటే ఆర్‌క్యూ అని రాస్తారు. ఆర్‌క్యూ ఉన్నన్నాళ్ళూ ఏజెంటుకు అన్నం సయించదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఒక సెక్టారులో మనిషి ఎక్కకపోతే దాన్ని నో షో అంటారు. నో షో పడిందంటే ఆ తర్వాతి సీట్లన్నీ కంపెనీలు రద్దు చేసేస్తాయి. మద్రాసులో మొదటి విమానం తప్పితే హాంకాంగ్ కూడా తప్పినట్టే.

పైగా కమలమ్మ ఒక షరతు పెట్టింది. “అన్నీ ఆకాశంలోనే పోతే దేశం యాడ కనపడతాది బాషా? ఒక్క చోటన్నా నేల మీద పోవల్ల.” అందుకని కౌలాలంపూరు నుంచి సింగపూరుకు పగటి రైలు పెట్టాను. ఆ రైలు సీట్లు ఖాయం కావడానికే మూడు వారాలు పట్టింది. శెట్టి షరతులు వేరు. మంగళవారం కదలకూడదు. రాహుకాలంలో విమానం లేవకూడదు. “శెట్టన్నా, సింగపూరులో రాహుకాలం వాళ్ళ గడియారానికా, మన గడియారానికా?” అని అడిగాను. ఆయన నిజంగానే పోయి పురోహితుణ్ణి అడిగి వచ్చాడు. ఆ ఊరి సూర్యుడికే లెక్క అని పురోహితుడు తేల్చాడట. ఇటుకంత మందమున్న విమానాల టైంటేబుల్ పుస్తకం ఒక పక్క, ధర్మవరం పంచాంగం ఒక పక్క పెట్టుకుని నెలన్నర కుస్తీ పట్టాను. అంత ఓపిక నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. గల్ఫ్ టికెట్లు రాసి రాసి విసిగిపోయి ఉన్నానేమో, ఆ పని నాకు బాగా నచ్చింది.

సంతకాల కోసం ఒకసారి వాళ్ళింటికి పోయినప్పుడు శెట్టి తల్లి సుబ్బమ్మవ్వ నన్ను చూసింది. ఎనభైకి దగ్గరలో ఉన్న మనిషి. ఇంట్లో ఆమె మాటే మాట. తిన్నె మీద కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూసి, “పోనీలే, పోయి రానీ. ఒకటి మాత్రం చెప్తాండా. బయల్దేరినాక వెనక్కి తిరిగేది ఉండకూడదు. ఒకసారి వెనక్కి తిరిగిందంటే మళ్ళా ఆ ప్రయాణం లేదు” అంది. ముసలివాళ్ళ మాట అనుకుని తలూపి వచ్చేశాను.

మే నెలలో అన్ని కూపన్ల మీద ఓకే పడింది. గురువారం కారులో మద్రాసుకు, శుక్రవారం పొద్దున విమానం. మామూలుగా నేను టికెట్లు, పాస్‌పోర్టులు బయల్దేరే రోజు దాకా నా బీరువాలోనే పెట్టుకుంటాను. శెట్టి మాత్రం వారం ముందే వచ్చి, “మంచి దినం చూసుకొని తీసుకుపోతాండా, ఇయ్యి” అన్నాడు. ఇచ్చాను. ఇది నా మొదటి తప్పు.

సోమవారం ఆయన ఫోను చేశాడు. “బాషా, గురువారం దక్షిణానికి వారశూల, ఆ దిక్కుకు కదలకూడదంట. అందుకని నిన్న ఆదివారమే ప్రస్థానం పెట్టేసినాం. ఇంక నీకు దిగుల్లేదు.”

నేను అదేదో పూజ అనుకుని, “మంచిది శెట్టన్నా” అన్నాను. అడగకపోవడం రెండో తప్పు.

బుధవారం పొద్దున పది గంటలకు మద్రాసు నుంచి టెలిగ్రాం వచ్చింది. శుక్రవారం విమానం రద్దు. ఆ కంపెనీకే ఇంకో విమానం మళ్ళీ సోమవారం. సోమవారం పోతే రైలు పోయింది, సింగపూరు విమానం పోయింది, బ్యాంకాకులో హోటలు పోయింది. నేను అర్జెంటు కాల్ బుక్ చేశాను. ఆ రోజు దేవుడు దయ తలచి ముప్పావు గంటలో కలిపాడు. మద్రాసు ఏజెన్సీ మనిషి గబగబా చెప్పాడు. వేరే కంపెనీ విమానం గురువారం సాయంత్రం ఉంది, రెండు సీట్లు పట్టి పెట్టాను, గురువారం మధ్యాహ్నం పన్నెండు దాకానే పట్టి ఉంచుతారు. ఆలోపు టికెట్లు తెచ్చి మొదటి కంపెనీ ఆఫీసులో ఎండార్స్‌మెంట్ వేయించాలి. ఎండార్స్‌మెంట్ అంటే, మా టికెట్టు మీద ఈ మనిషిని మీరు తీసుకుపోవచ్చు అని ఒక కంపెనీ ఇంకో కంపెనీకి ముద్ర వేసి ఇచ్చే అనుమతి. ఫోనులో వేయరు. టికెట్టు పుస్తకం బల్ల మీద పెట్టాలి.

ధర్మవరం ఫోను కలవలేదు. మోటార్ సైకిల్ తీసి, తలకు తువ్వాలు చుట్టుకుని బయల్దేరాను. వాళ్ళింటి ముందు దిగేసరికి పన్నెండున్నర. విషయం చెప్పగానే శెట్టి ముఖం తెల్లబోయింది. కమలమ్మ మాత్రం వెంటనే, “అయితే ఈ పొద్దే పోదాం. పెట్టెలు కట్టే ఉండాయి” అంది.

“టికెట్లు, పాస్‌పోర్టులు చేతికివ్వండి, ఒకసారి చూస్తా” అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఈడ లేవప్పా. ప్రస్థానంలో ఉండాయి” అన్నాడు శెట్టి.

అప్పుడు తెలిసింది ఆ మాటకు అర్థం. ప్రయాణానికి మంచి ముహూర్తం ఒక రోజు ఉండి, నిజంగా కదలడం ఇంకో రోజు అయితే, ముహూర్తం వేళకు ప్రయాణంలో వాడే వస్తువులు కొన్ని మూట కట్టి, పోయే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే. అసలు పోయే రోజు దారిలో ఆ మూట తీసుకుని పోతారు. మూట మాత్రం మళ్ళీ సొంత ఇంటి గడప తొక్కకూడదు. మామూలుగా ఒక పంచె, చీర, నాలుగు అక్షింతలు పెడతారట. రంగయ్య శెట్టి ఇంకా తెలివిగా ఆలోచించాడు.

“విమానానికి పోతా బట్టలు పెడితే ఏం బలం ఉంటాది బాషా? టికెట్టే కదా ప్రయాణం. అందుకని టికెట్లు, పాస్‌పోర్టులు చీర మడతలో పెట్టి కట్టినాం.”

నాకు ఒళ్ళు మండింది. కానీ మా ఇంట్లోనూ ఎవరైనా ఊరికి పోతుంటే అమ్మ వాళ్ళ చేతికి రక్షగా, గుడ్డలో నాణెం చుట్టి, ఇమామ్ జామిన్ కడుతుంది. ప్రయాణమంటే భయం అందరికీ ఒకటే. కాకపోతే మా అమ్మ పాస్‌పోర్టు కట్టదు.

“మూట యాడుంది?”

“మగ్గాల వీధి దక్షిణపు కొసన, ఓబులమ్మ ఇంట్లో.” ఓబులమ్మ వాళ్ళకు పట్టుదారం తోడి ఇచ్చే మనిషి, భర్త లేడు, ఒక్కతే ఉంటుంది.

పెట్టెలు కారులో వేయబోతే సుబ్బమ్మవ్వ తిన్నె మీద నుంచే చెయ్యెత్తింది. “ఒకటిన్నర దాకా రాహుకాలం. అంతదాకా ఒక్క పెట్టె గడప దాటేదానికి లేదు.” బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర. ఆమెతో వాదించే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. ఈలోపు మూట తెచ్చుకుందామని ముగ్గురం ఉత్త చేతులతో కారెక్కాం. పెట్టినవాళ్ళే మూట తీసుకోవాలట, అందుకని కమలమ్మ కూడా వంటింటి నేత చీరతోనే వచ్చింది.

ఓబులమ్మ ఇంటికి తాళం.

పక్కింటామె మగ్గం దిగకుండానే చెప్పింది. “గోరంట్లకు పోయిందక్కా, పొద్దున్నే. కూతురికి నొప్పులని చెప్పి పంపిరి.”

“మూట?” అని కమలమ్మ అడిగింది.

“ఎత్తుకొనే పోయింది. ప్రస్థానం మూటను దీపం లేని ఇంట్లో పెట్టకూడదని. ఎంత భద్రంగా పట్టుకుందో, బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూర్చునె.”

ఓబులమ్మ చేసింది తప్పేమీ కాదు. అప్పజెప్పిన మూటను ఆమె తన ప్రాణంలా చూసుకుంది. అయినా అక్కడ నిలబడి నేను ఆమెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. శెట్టి తాళం వైపే చూస్తూ నిలబడ్డాడు. “గోరంట్లకు పోయి మూట తీసుకొని మళ్ళా వచ్చి, పెట్టెలు వేసుకొని పోదాం” అన్నాడు. వేరే దారి లేదు. గోరంట్ల రోడ్డు అప్పట్లో రోడ్డు అనడానికి లేదు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరు మెల్లగా దించి మెల్లగా ఎక్కించేవాడు. నేను ప్రతి పది నిమిషాలకూ గడియారం చూశాను. కమలమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం అడిగింది.

“బాషా, దొరక్కపోతే మళ్ళా ఎప్పుడు బుక్ చేస్తావు?”

అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేకపోయాను. “చేసేది నాకు కష్టం కాదక్కా. మీ ఇంట్లో మళ్ళీ ఒప్పుకోవల్ల కదా” అన్నాను. ఆమె తల ఊపి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

గోరంట్లలో మూడు దాటింది. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, వీధిలో ఆడవాళ్ళంతా ఆ గుమ్మం ముందే ఉన్నారు. లోపల నుంచి పసిబిడ్డ ఏడుపు. ఓబులమ్మ తలుపు దగ్గరికి వచ్చి, మమ్మల్ని చూసి, నవ్వబోయి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయ్యో అక్కా! ఇప్పుడే, గంట కూడా కాలేదు. మనవడు పుట్టినాడు. మూట ఆ గదిలోనే ఉండాది. నా కూతురు పార్వతి తలాపున పెట్టింటి. నేనేం చేసేది? ఇంట్లో పురుడు వచ్చేసింది కదా!”

నాకు అర్థమయ్యేలోపే శెట్టి వీధి అరుగు మీద కూలబడ్డాడు. బిడ్డ పుట్టిన ఇంటికి పది రోజులు పురుటి మైల. ఆ ఇంట్లో వస్తువు ముట్టుకోకూడదు, అందులోనూ ముహూర్తం పెట్టి కట్టిన ప్రస్థానం మూట, పురిటి మంచం తలాపున.

“నేను తెస్తా. నాకు మైలేమీ లేదు కదా” అన్నాను.

“నువ్వు తెచ్చినా మూట మైలే కదప్పా” అన్నాడు శెట్టి నీరసంగా. “మా అమ్మకు ఏం చెప్పేది? ఇంతటితో వదిలేద్దాం. మనకు రాసి పెట్టి లేదు.”

అప్పుడు నాకు కోపం ఆగలేదు. నెలన్నర కష్టం, మూడు వారాల రైలు సీట్లు, ట్రంక్ కాల్స్, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. “శెట్టన్నా, విమానానికి మైల తెలీదు. పన్నెండు గంటలు మాత్రమే తెలుసు. రేపు పన్నెండుకు ఆ పుస్తకాలు మద్రాసులో బల్ల మీద లేకపోతే మీరు ఎంత మడిగా ఉన్నా ఎవరూ ఎక్కించుకోరు!” అని వీధిలో అందరూ వినేలా అరిచాను. అరిచాక సిగ్గేసింది. ఒక పెద్దాయన మీద, అదీ ఆయన దుఃఖంలో ఉన్నప్పుడు, నేను గొంతు పెంచకూడదు.

కమలమ్మ మా ఇద్దరి వైపూ చూడలేదు. చెప్పులు వీధిలో విడిచి మెట్లెక్కింది. “లోపలికి రావద్దక్కా” అని ఓబులమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“పక్కకు జరుగమ్మా. చావు మైల కాదు గదా, పురుడే గదా” అంది కమలమ్మ. “ఈ ఇంటికి ఒకరు వచ్చినారు. ఈడి నుంచి ఇద్దరం పోతాండాం. దీంట్లో చెడ్డ ఏముంది?”

లోపలికి పోయి, కాసేపు ఉంది. బిడ్డను చూస్తున్నదేమో, లోపల ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. మూట చంకన పెట్టుకుని బయటకి వచ్చి, మెట్ల మీదే కూర్చుని ముడి విప్పింది. చీర మడతలోంచి పాస్‌పోర్టులు రెండు, టికెట్టు పుస్తకాలు రెండు తీసి నా చేతికిచ్చింది. కొంచెం పసుపు అంటుకుని ఉంది, అంతే. అన్ని కూపన్లూ ఉన్నాయా అని మూడుసార్లు చూసుకున్నాను.

“ఇంటికి పోయి పెట్టెలు వేసుకొందాం పద” అన్నాడు శెట్టి లేస్తూ.

“ఇంటికి పోయేది లేదు” అంది కమలమ్మ. “పోతే అత్త అడుగుతాది, మూట యాడ నుంచి తెస్తిరి అని. నేను అబద్ధం చెప్పలేను. నిజం చెప్తే ప్రయాణం లేదు. ఇట్నుంచి ఇట్లే పోదాం.”

“బట్టలు?”

“మూటలో నాకొక చీర ఉండాది, నీకొక పంచె ఉండాది. ఇద్దరి ఒంటి మీద ఒకటొకటి. ఇంకేం కావల్ల?”

శెట్టి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆయన ఆ రోజు దాకా ఆమెను అలా చూసి ఉండడని నాకు అనిపించింది. పోయి కారులో కూర్చున్నాడు. నేను గోరంట్ల పోస్టాఫీసుకు పరుగెత్తి రెండు టెలిగ్రాములు ఇచ్చాను. ఒకటి మద్రాసుకు, టికెట్లతో వస్తున్నాం, సీట్లు వదలొద్దు అని. ఇంకొకటి ధర్మవరానికి, మూట దొరికింది, ఇటునుంచే పోతున్నాం అని. పురుడు సంగతి రాయలేదు.

నేనూ వాళ్ళతోనే మద్రాసు పోయాను. వాళ్ళను వదిలిపెట్టి బస్సెక్కితే దారిలో ఇంకెవరి ఇంట్లోనైనా ఆ మూట పెడతారేమోనని నా భయం. కదిరి, మదనపల్లె, చిత్తూరు దాటి పొద్దున ఏడింటికి మద్రాసు చేరాం. విమాన కంపెనీ ఆఫీసు తలుపు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాం. ఎండార్స్‌మెంట్ వేయాల్సిన అధికారి పదిన్నరకు వచ్చాడు. పసుపు అంటిన టికెట్టును అనుమానంగా తిప్పి చూశాడు. రద్దు చేసింది మీ విమానమే కదా అని నేను కొంచెం గట్టిగానే అన్నాను. పదకొండు ముప్పావుకు ముద్ర పడింది. ఏజెన్సీ మనిషి ఆ పుస్తకాలు పట్టుకుని రెండో కంపెనీకి పరుగెత్తి, పన్నెండుకు మూడు నిమిషాల ముందు సీట్లు ఖాయం చేయించాడు. అప్పుడు గుర్తొచ్చింది, ముందు రోజు మధ్యాహ్నం నుంచి మేము ఏమీ తినలేదని.

సాయంత్రం మీనంబాకం విమానాశ్రయంలో కౌంటరు పిల్ల లగేజీ ఎక్కడని అడిగింది. కమలమ్మ చంకలో మూట చూపించింది. ఆ పిల్ల మూటనూ, టికెట్టు మీద నాలుగు ఊళ్ళ పేర్లనూ మార్చి మార్చి చూసింది. వాళ్ళు లోపలికి పోయేటప్పుడు శెట్టి చెయ్యి ఊపాడు, కమలమ్మ మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. నేను విమానం లేచేదాకా ఉండి, ఆ తర్వాత హోటల్లో రెండు భోజనాలు తిన్నాను.

ఇరవై నాలుగు రోజులకు తిరిగి వచ్చారు. ఒక్క సెక్టారు కూడా తప్పలేదు. నన్ను భోజనానికి పిలిచారు. కౌలాలంపూరు నుంచి రైలులో రబ్బరు తోటలు ఎంత దూరం ఉన్నాయో కమలమ్మ చేతులు చాచి చూపించింది. సింగపూరులో కట్టుకోవడానికి చీర లేక ఒక అంగడికి పోతే, ఆమె గీసిన అంచు చీరే తీసి చూపించారట. “ఈ అంచు ఎవురు గీసినారో తెలుసా అని అడిగితే, ఆ పిల్లోడు కంచి అన్నాడు బాషా! నేనే అని చెప్తే నమ్మలేదు. నా చీరనే నేను కొనుక్కొంటి” అని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. అత్తకు పురుడు సంగతి ఇంకా చెప్పలేదని, చెప్పడానికి భయంగా ఉందని లోగొంతుతో అంది.

భోంచేసి బయటికి వస్తుంటే సుబ్బమ్మవ్వ తిన్నె మీద నుంచి పిలిచింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అంది.

“బాషా, ఓబులమ్మకు మనవడు పుట్టింది ఆ పొద్దు సాయంత్రమే నాకు తెలుసు. బస్సులో వచ్చినోళ్ళు చెప్పిరి. మూట అదే ఇంట్లో ఉండాదని కూడా తెలుసు.”

“తెలిసీ ఏమీ అనలేదా అవ్వా?”

“అంటే ఏమయ్యేది? నా కోడలి మూట కూడా వెనక్కి వచ్చేది. నాది వచ్చింది చాలు.”

ఆమె చిన్నగా చెప్పింది. పెళ్ళయిన కొత్తలో మగనితో కాశీకి ప్రస్థానం పెట్టారట. ఆ పెట్టిన ఇంట్లో ఎవరో చనిపోయారు. మూట తెచ్చి గడప దగ్గర పెట్టి పోయారు. వచ్చే ఏడు చూద్దాం అన్నారు. తర్వాత కానుపులు, తర్వాత మగ్గాలు, తర్వాత మగడే పోయాడు. వెనక్కి తిరిగిన ప్రయాణం మళ్ళీ లేదని ఆమె ఎందుకు అన్నదో నాకు అప్పుడు తెలిసింది. నేను దాన్ని ఉత్త ముసలివాళ్ళ మాట అనుకున్నాను.

“ఇప్పుడు కాశీకి ఎట్ల పోతారప్పా?” అని అడిగింది.

నేను ఆమె పక్కన కూర్చుని చెప్పాను. ఇక్కడ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి నేరుగా కాశీకి బండి. గూడూరు, బెజవాడ, నాగపూర్, ఇటార్సీ, జబల్పూర్, అలహాబాదు. ఎక్కడ పగలవుతుందో, ఎక్కడ నది దాటుతుందో, ఎక్కడ చపాతీ తప్ప అన్నం దొరకదో అన్నీ చెప్పాను. ఆమె ఒక్కో ఊరి పేరూ నోట్లో మెదుపుకుంటూ విన్నది. కింది బెర్తులు ఇప్పిస్తా, కమలక్క తోడు వస్తుంది, టికెట్టు రాయమంటావా అని అడిగాను.

“వద్దులేప్పా. ఈ మోకాళ్ళతో యాడికి పోయేది” అంది. “వినేదానికి బాగుండాది. ఇంకోసారి చెప్పు, బెజవాడ నుంచి.”

మళ్ళీ బెజవాడ నుంచి చెప్పాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ ఆఫీసు నడిపాను. ఎంత దగ్గరవాళ్ళయినా బయల్దేరే రోజు దాకా టికెట్లు నా బీరువా దాటనివ్వలేదు. ప్రస్థానం పెట్టినారా, ఎవరింట్లో, అందులో ఏం కట్టినారు అని అడగకుండా ఎవరినీ పంపలేదు. ఆ కేసు నాకు నేర్పిన పని అదే. ఇంకొకటి కూడా నేర్పింది. అంతకు ముందు, కొనేది లేకుండా ఊరికే దారులు అడిగిపోయేవాళ్ళు వస్తే నాకు చిరాకు, నిలబెట్టే మాట్లాడి పంపేసేవాణ్ణి. తర్వాత అలా వచ్చిన వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, పటం ముందుకు లాగి, మొదటి స్టేషను నుంచి చివరి స్టేషను దాకా చెప్పేవాణ్ణి.